ఫోటోలో కనిపించాక ముక్క ఎందుకు తీశారు?

ప్రశ్న: మా తాతయ్యకు నాలుగు నెలలుగా వీపు నొప్పి. మొదట పట్టేసిందన్నారు. ఎక్స్‌రే తీసి వయసుతో వచ్చే అరుగుదల అన్నారు. తర్వాత ఎం.ఆర్.ఐ.లో ఒక వెన్నుపూసలో ఏదో ఉందని తేలింది. ఒక డాక్టరుగారు టీబీ అయి ఉంటుంది, మందులు మొదలుపెడదాం అన్నారు. ఇంకో డాక్టరుగారు ముక్క పరీక్ష అయ్యేదాకా ఏ మందూ వద్దన్నారు. రెండు వారాలు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చివరికి లింఫోమా అన్నారు. ఫోటోలో అంత బాగా కనిపించాక మళ్ళీ సూది పెట్టి ముక్క ఎందుకు తీశారు? లింఫోమా అంటే మెడలో, చంకలో బిళ్ళలు కట్టే జబ్బు కదా, ఎముకలోకి ఎలా వచ్చింది? ఇంకొకటి, ముక్క తీసినచోట చిల్లు అలాగే ఉండిపోతుందా?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని

జవాబు: నీ మూడు ప్రశ్నల్లో రెండోదానితో మొదలుపెడదాం అమ్మా. అది తెలిస్తే మొదటిదానికి దారి దొరుకుతుంది. మూడోదాన్ని చివరికి దాచుకుందాం.

మీ ఇంట్లో మాంసం వండితే మూలుగ ఎముక నీకు తెలిసే ఉంటుంది. పళ్ళెం అంచుకు తట్టి, లోపలున్న మెత్తటి పదార్థాన్ని జుర్రుకుంటారు. అదే మూలుగ, డాక్టర్లు మజ్జ అంటారు. మన ఒంట్లో రక్తకణాలు పుట్టేది అందులోనే. పసిపిల్లల్లో దాదాపు ప్రతి ఎముకలోనూ ఈ పని నడుస్తుంది. పెద్దయ్యేకొద్దీ కాళ్ళూ చేతుల ఎముకల్లోని మూలుగ చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. వెన్నుపూసలు, పక్కటెముకలు, రొమ్ము ఎముక, కటి ఎముకలు మాత్రం ముసలితనంలోనూ పని మానవు. మీ తాతయ్య వెన్నెముక ఆయన్ను నిలబెట్టే స్తంభమే కాదు, ఇప్పటికీ రక్తం తయారుచేస్తున్న కార్ఖానా కూడా.

ఆ కార్ఖానాలో పుట్టే తెల్లకణాల్లో లింఫోసైట్లు (ఒంటికి కాపలా కాసే కణాల్లో ఒక జాతి) ఉంటాయి. అవి పుట్టాక లింఫు గ్రంథుల్లో కాపురం పెడతాయి. కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడు, అది అక్కడి కాపలాదారులు పోరుకు సిద్ధమై గుంపుగా పెరగడమే. ఆ జాతి కణాల్లో ఒకటి దారి తప్పి, ఆగకుండా తనలాంటివాటినే పుట్టిస్తూ పోతే అది లింఫోమా. గ్రంథులు వాటి కాపురం కాబట్టి చాలామందిలో జబ్బు మెడలోనో, చంకలోనో బయటపడుతుంది. కానీ మూలుగ వాటి పుట్టిల్లు. పుట్టింటి దారి ఎవరికి తెలియదు? గ్రంథుల్లో మొదలైన జబ్బు వెన్నుపూసకు చేరడం తరచు చూసేదే. ఎక్కడా బిళ్ళ లేకుండా నేరుగా ఎముకలోనే మొదలవడం అరుదు, అయినా ఉంది.

ఇక నాలుగు నెలల సంగతి. ఆలస్యమైందని ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు తప్పుపట్టుకుంటూ ఉండవచ్చు. అందుకని దీని దగ్గర కాస్త ఆగుతాను. నడుం నొప్పి, వీపు నొప్పి రానివాళ్ళు మన ఊళ్ళలో ఎవరున్నారు? నాట్లు వేసినా వస్తుంది, బస్సులో రాత్రంతా కూర్చున్నా వస్తుంది. వందల నొప్పుల్లో ఈ ఒక్కటీ వేరని మొదటి రోజే పట్టుకోవడం ఏ డాక్టరుకైనా కష్టం. అనుమానించాల్సిన గుర్తులు కొన్ని లేకపోలేదు. బరువెత్తితే వచ్చి నడుం వాలిస్తే తగ్గే నొప్పి ఒక రకం. పడుకున్నా వదలకుండా, రాత్రి నిద్రలోంచి లేపి, వారాల తరబడి పెరుగుతూనే ఉండేది ఇంకో రకం. ఈ రెండోదానికి జ్వరమో, ఒళ్ళు తగ్గడమో తోడైతే పైపూతలతో సరిపెట్టకూడదు.

అయితే ఎక్స్‌రే తీశారుగా, అందులో ఎందుకు కనపడలేదు? ఎక్స్‌రే ప్రధానంగా ఎముకలోని సున్నానికి పడే నీడ. పూసలో సున్నం మూడోవంతు నుంచి సగం దాకా కరిగిపోతే తప్ప ఆ నీడలో లోటు సరిగ్గా తెలియదు. లింఫోమాలో ఇంకో చిక్కు ఉంది. కరి మింగిన వెలగపండు అంటాం కదా. కరి అంటే ఏనుగు అనేవాళ్ళు కొందరు, అదొక పురుగు అనేవాళ్ళు కొందరు. ఆ తగువు ఎలా తేలినా పండు సంగతి ఒకటే: పెంకు పెంకులాగే ఉంటుంది, లోపల గుజ్జు ఉండదు. ఎముక పైపొరలో రక్తనాళాలు దూరడానికి సన్నటి రంధ్రాలుంటాయి. లింఫోమా కణాలు పైపొరను పెద్దగా పగలగొట్టకుండానే ఆ రంధ్రాల్లోంచి బయటికి పాకి, పూస చుట్టూ మెత్తటి గడ్డగా పేరుకోగలవు. అప్పుడు ఎక్స్‌రేలో పెంకు బాగానే కనిపిస్తుంది. తాతయ్యకు నిజంగా అరుగుదల ఉండీ ఉంటుంది. ఆ వయసులో అది లేనివాళ్ళు తక్కువ. ఉన్నదాన్ని చెప్పి, కనపడనిదాన్ని చెప్పలేకపోయారు.

ఎం.ఆర్.ఐ. సున్నం జోలికి పోదు. ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్‌ను పెద్ద అయస్కాంతంతో కదిలించి, అది తిరిగిచ్చే సంకేతంతో బొమ్మ గీస్తుంది. పెద్దవాళ్ళ మూలుగలో కొవ్వు కలిసి ఉంటుంది కనుక, ఒక రకం చిత్రంలో ఆరోగ్యంగా ఉన్న పూస తేటగా అగుపిస్తుంది. ఆ కొవ్వును పక్కకు తోసి కణాలు కిక్కిరిస్తే అదే పూస నల్లబడుతుంది. ఎక్స్‌రే చూడలేని జబ్బును ఎం.ఆర్.ఐ. పట్టుకోవడం ఇందుకే. ఏ పూసలో ఉంది, ఎంతమేర పాకింది, వెన్నుపామును నొక్కుతోందా అన్నది చక్కగా చెబుతుంది.

కొవ్వును తోసింది ఎవరన్నది మాత్రం ఆ నలుపు గట్టిగా చెప్పలేదు. అక్కడికి రాగలిగినవాళ్ళు చాలామంది. టీబీ సూక్ష్మజీవి రావచ్చు. మూలుగలోనే పుట్టే మైలోమా అనే మరో కేన్సర్ కావచ్చు. ఊపిరితిత్తుల నుంచో, రొమ్ము నుంచో, మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి నుంచో కేన్సర్ పాకి ఉండవచ్చు. ఎముకలు గుల్లబారి పూస నలిగినా కొన్నిసార్లు ఇలాగే కనిపిస్తుంది. లింఫోమా ఈ వరుసలో ఒకటి.

వీటిలో టీబీకీ లింఫోమాకీ ఉన్న పోలిక మన దేశంలో డాక్టర్లను ఎక్కువగా తికమకపెడుతుంది. వెన్నెముక టీబీని ఇప్పటికీ పాట్ జబ్బు అంటారు. లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1779లో గూని, దానితోపాటు కాళ్ళు చచ్చుబడటం గురించి వివరంగా రాశాడు. టీబీ మామూలుగా పూస అంచున, డిస్క్ పక్కన మొదలవుతుంది. పక్కపక్కనున్న రెండు పూసల అంచులకు రక్తం ఒకే నాళం నుంచి వస్తుంది కనుక రెండూ కలిసి దెబ్బతింటాయి. నడుమనున్న డిస్క్‌కు సొంతంగా రక్తనాళాలు లేవు, ఆ పూసల మీదే బతుకుతుంది, కాబట్టి అదీ కుంగిపోతుంది. లింఫోమా ఎక్కువగా డిస్క్‌ను వదిలేసి పూసనే పట్టుకుంటుంది. అందుకని ఫిల్ము చూసే డాక్టరు ముందుగా డిస్క్ మిగిలిందా అని చూస్తారు. ఈ సూత్రం చాలాసార్లు నిలబడుతుంది, కొన్నిసార్లు మోసం చేస్తుంది. డిస్క్‌ను ముట్టుకోకుండా ఒకే పూసలో కూర్చునే టీబీ కూడా ఉంది. ఆ కొన్నిసార్లలో మీ తాతయ్య ఉండరని ఎవరు హామీ ఇస్తారు?

లక్షణాలైనా విడదీస్తాయా అంటే, అవీ కలిసిపోతాయి. లింఫోమాలో డాక్టర్లు మూడింటిని ప్రత్యేకంగా అడుగుతారు: 38 డిగ్రీల సెల్సియస్ దాటే జ్వరం, దుప్పటి తడిసిపోయేంత రాత్రి చెమట, ఆరు నెలల్లో పదోవంతుకు మించి బరువు తగ్గడం. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమట, చిక్కిపోవడం అని చెబితే మన దేశంలో ఏ డాక్టరుకైనా మొదట గుర్తొచ్చేది టీబీయే, ఎందుకంటే అదే ఎక్కువ. టీబీ అన్న ఆ డాక్టరుగారి ఆలోచన తప్పేమీ కాదమ్మా. ఆలోచన దగ్గర ఆగి రుజువు అడగకపోతేనే చిక్కు.

రక్తపరీక్షలు కొంత సాయం చేస్తాయి. రక్తంలో ఒకే రకం ప్రోటీను గుట్టగా పడి ఉంటే మైలోమా వైపు చూస్తారు. పి.ఎస్.ఎ. బాగా పెరిగి ఉంటే ప్రోస్టేట్ వైపు. ఎల్.డి.హెచ్. పెరిగితే ఎక్కడో కణాలు వేగంగా పుట్టి చస్తున్నాయని అర్థం. లింఫోమాలో ఇది తరచు పెరుగుతుంది, వేరే జబ్బుల్లోనూ పెరుగుతుంది. ఈ.ఎస్.ఆర్. అయితే అన్నిటికీ పెరుగుతుంది. అనుమానితుల జాబితా పొట్టిదవుతుందంతే.

పెట్ స్కాన్ కూడా చేయించారేమో. ఒక రకం చక్కెరకు రేడియోధార్మిక గుర్తు తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. ఆకలిగొన్న కణాలు దాన్ని ఎక్కువ తాగి స్కానులో వెలుగుతాయి. ఆ గుర్తు 110 నిమిషాలకు సగమైపోతుంది, అందుకే చెప్పిన వేళకు రమ్మని అంత పట్టుబడతారు. ఒంట్లోని మామూలు చక్కెర దానికి పోటీ రాకూడదని కొన్ని గంటలు ఏమీ తినవద్దంటారు. ఇంత చేసినా టీబీ గడ్డలోని కణాలు కూడా ఆ చక్కెరను ఆబగానే తాగుతాయి. రెండూ వెలుగుతాయి. అయితే ఈ స్కాను ఒక గొప్ప మేలు చేస్తుంది. ముక్క ఎక్కడ తీస్తే సులువో, ఎక్కడ దొరుకుతుందో చూపిస్తుంది. మెడలో చేతికి అందే బిళ్ళ ఒకటి వెలుగుతూ ఉంటే వెన్నెముక జోలికి పోకుండా దాన్నే తీస్తారు. తాతయ్యకు వెన్నుపూసలోంచే తీశారంటే, అంతకన్నా తేలికైన చోటు దొరకలేదన్నమాట.

ఇప్పుడు ముక్క సంగతి. మనిషిని బోర్లా పడుకోబెట్టి, వీపు మీద చిన్న ఇంజెక్షన్‌తో తిమ్మిరెక్కించి, సి.టి. స్కానులో చూసుకుంటూ సూదిని పూస వెనకభాగంలోని ఎముక మెడ గుండా ముందుభాగంలోకి పంపుతారు. అలా ఎముక లోపలినుంచే వెళ్తే పక్కనున్న వెన్నుపాము జోలికి పోకుండా ఉంటుంది. సూది లోపలి బోలులో సన్నటి పుల్లలాగా ఎముకముక్క వస్తుంది.

అంత లావు సూది ఎందుకు, సన్న సూదితో నాలుగు చుక్కలు లాగి చూడొచ్చు కదా అని కొందరు అడుగుతారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలు. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. సన్న సూదితో విడివిడి కణాలు వస్తాయి. లింఫోమా కణం ఒంటరిగా చూస్తే మామూలు లింఫోసైటులాగే ఉండవచ్చు. అవి ఎలా గుంపు కట్టాయి, పక్కన ఎవరు కూర్చున్నారు, ఎముక సందుల్ని ఎలా నింపాయి అన్నది చూడాలి. పంక్తి చెదరకుండా వచ్చిన ముక్క కావాలి. పైగా ఈ కణాలు బహు సున్నితం. సూది ఒత్తిడికే నలిగి గీతల్లా సాగిపోతాయి. అందుకే ఒకటికి రెండు మూడు ముక్కలు తీస్తారు.

తీసినదంతా ఒకే డబ్బాలో వేయకూడదు. ఈ సంగతి చాలా ఇళ్ళలో తెలియదు, తెలిసుంటే మేలు. సూక్ష్మదర్శిని కింద చూసే ముక్కను ఫార్మలిన్‌లో వేస్తారు, కుళ్ళకుండా ఉండటానికి. అదే ఫార్మలిన్ టీబీ క్రిములను చంపేస్తుంది; చచ్చిన క్రిమిని పెంచి చూడటం కుదరదు. అందుకని ఇంకో ముక్కను ఫార్మలిన్ తగలకుండా, మామూలు సెలైన్‌లో టీబీ పరీక్షకు పంపాలి. జీన్ ఎక్స్‌పర్ట్ అనే యంత్రం టీబీ క్రిమి జన్యువు ఉందో లేదో దాదాపు రెండు గంటల్లో చెబుతుంది. క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు వారాలు పడుతుంది. చాలాచోట్ల ఈ డబ్బాలు పట్టుకుని ల్యాబుకు పరిగెత్తేది ఇంటివాళ్ళే. ‘టీబీకి వేరే డబ్బా ఉందా అండీ’ అని అక్కడే అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఏ మందూ వద్దని రెండో డాక్టరుగారు ఎందుకన్నారో ఇక చెప్పుకోవచ్చు. నొప్పి, వాపు ఎక్కువగా ఉన్నప్పుడు స్టిరాయిడ్లు ఇవ్వడం మామూలు. డెక్సామెథసోన్ లాంటివి లింఫోసైట్లను చంపుతాయి. లింఫోమా చికిత్సలో వాటిని వాడేది కూడా అందుకే. ముక్క తీయకముందే అవి పడితే ఏమవుతుంది? నొప్పి మాయమవుతుంది, ఇంట్లో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. గడ్డ ముడుచుకుంటుంది. ఆ తర్వాత తీసిన ముక్కలో చచ్చిన కణాల చెత్త తప్ప ఏమీ దొరక్కపోవచ్చు. కొన్ని వారాలకు జబ్బు తిరిగొస్తుంది, ఈలోగా పేరు తెలియలేదు. ఊహ మీద టీబీ మందులు మొదలుపెట్టినా నష్టమే. తగ్గుతుందేమోనని రెండు మూడు నెలలు చూస్తారు, లింఫోమా అయితే ఆ నెలలన్నీ అది పెరుగుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కాళ్ళు పట్టు తప్పుతున్నా, మొద్దుబారుతున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా వెన్నుపాము నలుగుతోందని అర్థం. అది గంటల్లో తేల్చాల్సిన పని. అప్పుడు స్టిరాయిడ్ అవసరమైతే ఇస్తారు, ఆపరేషను అవసరమైతే చేస్తారు, ఆ ఆపరేషనులోనే ముక్క కూడా తీస్తారు. ముక్క కోసం కాళ్ళు పోగొట్టుకోమని ఎవరూ అనరు.

మరి ముక్క తీశాక అన్ని రోజులు ఎందుకు? ఎముక రాయిలాంటిది, అలాగే కోస్తే కత్తి పాడవుతుంది. ముందు అందులోని సున్నాన్ని కరిగించాలి. బలమైన ఆమ్లంలో వేస్తే త్వరగా అవుతుంది కానీ కణాల గుర్తులూ డి.ఎన్.ఎ.యూ చెడిపోతాయి. నెమ్మదిగా పనిచేసే ద్రవాలు వాటిని కాపాడతాయి, రోజులు తీసుకుంటాయి. తర్వాత మైనంలో పోతపోసి, వెంట్రుక మందంలో పదో వంతుకంటే పలచటి పొరలుగా కోసి, గులాబీ, ఊదా రంగులు అద్ది చూస్తారు. కణాల ఆకారం తెలుస్తుంది. అవి ఏ వంశానివో తెలియడానికి ఇంకో మెట్టు ఎక్కాలి.

ప్రతి జాతి కణం మీద దానికే చెల్లే కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. ఒక్కో ప్రోటీనుకే అతుక్కునే రసాయనాలను పొర మీద పోసి, అతికినచోట గోధుమరంగు వచ్చేలా చేస్తారు. దీన్ని ఇమ్యునో పరీక్ష అంటారు. సి.డి.20కి రంగొస్తే బి-రకం లింఫోసైట్లు. సి.డి.3కి వస్తే టి-రకం. సైటోకెరాటిన్‌కు వస్తే ఊపిరితిత్తులో, ప్రోస్టేటో, మరో అవయవమో పంపిన కేన్సర్. సి.డి.138కి వస్తే మైలోమాను తలుచుకోవాలి. మొదటి వరస ఫలితం చూసి రెండో వరసలో ఏం వేయాలో నిర్ణయిస్తారు. మీ ఇంట్లో నిద్ర లేని రాత్రుల్లో ల్యాబులో జరిగింది ఇదీ.

ఈ సౌకర్యాలు లేనప్పటి కథ ఒకటి చెబుతాను. 1832లో లండన్ గైస్ ఆస్పత్రిలో థామస్ హాడ్జ్‌కిన్ గ్రంథులు ఉబ్బి చనిపోయిన ఏడుగురి గురించి రాశాడు. ఆయన ఆధారపడింది శవపరీక్షలో కంటికి కనిపించినదాని మీదే. లింఫోమాల్లో ఒక రకమైన ఆ జబ్బులో కనిపించే పెద్ద కణాలను సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించడానికి 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్, 1902లో డొరొతీ రీడ్ రావాల్సి వచ్చింది. గైస్ ఆస్పత్రి మ్యూజియంలో హాడ్జ్‌కిన్ నాటి ముక్కలు కొన్ని సీసాల్లో మిగిలే ఉన్నాయి. 1926లో, అంటే 94 ఏళ్ళ తర్వాత, వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టారు. కొన్నింటిలో నిజంగానే ఆయన చెప్పిన జబ్బు ఉంది. ఏడుగురిలో అందరిదీ ఆ జబ్బు కాదని కూడా తర్వాత తేలింది. శవాన్ని కోసి, గ్రంథిని చేత పట్టుకుని చూసినవాడే పొరబడ్డాడంటే, ఫిల్ము చూసి పేరు చెప్పమని డాక్టర్లను ఎలా అడుగుతాం?

పేరు కచ్చితంగా తెలియాలన్న పట్టుదల మందు కోసం. సి.డి.20 ఉన్న కణాలను వెతికి పట్టుకునే రిటుక్సిమాబ్ అనే మందు 1997లో అమెరికాలో అనుమతి పొందింది. సి.డి.20 లేనిచోట దానికి పట్టు దొరకదు. లింఫోమాల్లో పదుల రకాలున్నాయి, మందులు వేరు వేరు. ఎముకలో కనిపించేవాటిలో ఎక్కువభాగం బి-రకం పెద్ద కణాలవి, మందులకు బాగా లొంగేవి. రకం తెలిశాక జబ్బు ఒంట్లో ఎంతవరకు పాకిందో పెట్ స్కానుతో చూస్తారు, అవసరమైతే తుంటి వెనక ఎముక నుంచి మూలుగ తీస్తారు. హెపటైటిస్-బి పరీక్ష కూడా చేస్తారు. ఒంట్లో నిద్రపోతున్న ఆ వైరస్‌ను రిటుక్సిమాబ్ లేపగలదు.

మొదటి ముక్కలో ఏమీ దొరకలేదని రిపోర్టు వస్తే జబ్బు లేదని కాదు. సూది ఖాళీచోట పడి ఉండవచ్చు, ముక్క నలిగి ఉండవచ్చు. ఫోటో ఒక మాట, ముక్క ఇంకో మాట చెబుతుంటే మళ్ళీ తీయడమే పద్ధతి. ఇంకో మాట మీ నాన్నగారికి చెప్పు: మైనపు బ్లాకులు, గాజు స్లైడ్లు ల్యాబు నుంచి అడిగి తీసుకోవచ్చు. హైదరాబాదులో నిమ్స్‌కో, ఎం.ఎన్.జె.కో, విశాఖలో హోమీ భాభా ఆస్పత్రికో రెండో అభిప్రాయం కోసం వెళ్తే తాతయ్యకు మళ్ళీ సూది పొడిచే ముందు వాటినే అడుగుతారు. ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు, మైనం కరుగుతుంది.

ఇక చిల్లు. ఆ సూది బాల్ పెన్ను రీఫిల్లంత లావు ఉంటుంది. అలాంటి చిల్లును ఎముక తనంతట తాను పూడ్చుకుంటుంది, విరిగిన చెయ్యి అతుక్కున్నట్టే. జబ్బు ఉన్నచోటు కోలుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. చికిత్స బాగా పనిచేసి కేన్సర్ కణాలన్నీ పోయినా, ఎం.ఆర్.ఐ.లో ఆ పూస చాలా నెలలు మచ్చగానే కనిపించవచ్చు. ఈసారి ఆ ఫోటో చూసి ఇంట్లో ఎవరైనా కంగారుపడితే, పెట్ స్కానులో ఆ చోట ఇంకా వెలుగుతోందా లేదా అని డాక్టరుగారిని అడగమను.